ఇటు అని పిలిచే మాట

దైవాశీర్వాదానికి గ్రీకు పిచ్చి. పగలంతా ఆఫీసులో కంప్యూటర్‌తో కుస్తీ పట్టి, సాయంత్రాలు ఆన్‌లైన్‌లో రెండేళ్లు ఆ భాష నేర్చుకున్నాడు. పరాయి దేశంలో అరోరా అనే ఊళ్లోని తెలుగు క్రైస్తవ సంఘానికి పెద్ద కూడా ఆయనే. ఆరాధనకు ముందు ఆయన చెప్పే పాఠానికి సగంమంది వచ్చేవారు, మిగతా సగానికి పార్కింగ్ దొరికేది కాదు.

ఆ ఆదివారం పాఠమంతా ఒక్క మాట మీదే. డ్యూరో. 'ఇటు' అని అర్థం. దిక్కు చెప్పే మాటే గాని, గ్రీకువాళ్లు దాంతోనే మనుషుల్ని పిలిచేవారు. పక్కన 'రా' అని వేరే చెప్పనక్కర్లేదు. నాలుగు రోజులు సమాధిలో ఉన్నవాణ్ని యేసు పిలిచింది ఈ మాటతోనే, వాడు బయటికి నడిచి వచ్చాడు. ఆస్తిపరుడైన యువకుణ్ని పిలిచిందీ దీంతోనే, వాడు మొహం వేలాడేసుకుని వెళ్లిపోయాడు. చచ్చినవాడు వచ్చాడు, బతికున్నవాడు పోయాడు అని ఆయన చెబుతుండగా చివరి వరుసలో కూతురు ఫెబీ కనిపించింది. ఆయన గబుక్కున చూపు పుస్తకంలోకి దించుకున్నాడు.

నిరుడు ఫెబీ శ్రేయాస్ అనే హిందువుల అబ్బాయిని పెళ్లాడింది. సంఘం ఆమెను ప్రభువు బల్లకు, అంటే ఆరాధనలో అందరూ పంచుకునే రొట్టెకు, దూరం పెడుతూ కాగితం రాసింది. ఆ కాగితం మీద మొదటి సంతకం తండ్రిదే. అలాంటివాళ్లు అందరి ముందూ లేచి తప్పు ఒప్పుకుంటే గాని రొట్టె ఇవ్వరు. రేపు పిల్ల భర్తతో ఎక్కడో వేరే రాష్ట్రంలోని చాండ్లర్‌కు మారిపోతోందని ఆయన భార్య జ్ఞానమ్మ ఉదయమే చెప్పింది. ఫెబీ లేచి నిలబడితే చాలు, తక్కిందంతా తాను చూసుకోవచ్చు అనుకున్నాడు ఆయన. ఏడాదిగా ఆ పిల్ల కోసం ఏడవని రోజు లేదు. కాని పెద్దరికం మహా చెడ్డది, ఏడ్చేదేదో తలుపేసుకుని ఏడవమంటుంది.

రొట్టె పళ్లెం పట్టుకుని వరుస వరుసకూ వెళ్లాడు. చివరి వరుస వచ్చింది. ఫెబీ లేవలేదు. తలెత్తి ఆయన మొహంలోకే చూస్తూ కూర్చుంది. ఆయన కాళ్లు ఒక్క క్షణం ఆగాయి. వీపు మీద సంఘమంతటి చూపులూ తెలుస్తున్నాయి. పళ్లెం ఆమెను దాటి పక్కావిడ దగ్గరకు పోయింది.

ఆఖరి పాట మొదలయ్యేసరికి ఆ కుర్చీ ఖాళీ. ఆయన పళ్లెం ఎవరి చేతిలోనో పెట్టేసి బయటికి పరుగెత్తాడు. కారు రివర్స్ అవుతోంది. ఆయన అడ్డంగా వెళ్లి అద్దం మీద తట్టాడు.

"ఇటు రామ్మా, ఫెబీ."

ఆమె అద్దం దించింది. ఏడ్చి ఏడ్చి మొహమంతా వాచిపోయి ఉంది.

"ఇక్కడ ఎవరూ లేరు కదా డాడీ," అంది. "లోపల పిలిస్తే వచ్చేదాన్ని. దానికోసమే డ్రైవ్ చేసుకుని వచ్చాను."

కారు మెల్లగా మలుపు తిరిగి రోడ్డెక్కింది. లోపలినుంచి ఎవరో, ముగింపు ప్రార్థన చేయాలి రండి పెద్దగారూ అని పిలుస్తున్నారు. ఆయన వెళ్లలేదు.