కోర్సెలెట్ అని కుట్టిన జెండా

నేను ఒక జెండాను. దేశం జెండాను కాను, అంత పెద్ద పుట్టుక నాది కాదు. కెనడాలో పైన్‌ఫర్డ్ అనే చిన్న ఊరికి ఒకప్పుడు ఒక పటాలం ఉండేది. నేను ఆ పటాలం జెండాను. ముదురాకుపచ్చ పట్టు, చుట్టూ బంగారు రంగు కుచ్చులు, మధ్యలో దేవదారు కొమ్మ, దాని కింద పటాలం పేరు. ఇప్పుడా పటాలం లేదు, నేనున్నాను. ఇలా మిగిలిపోవడం ఏమంత భాగ్యం కాదని ముందే చెప్పేస్తున్నాను.

పటాలం అనగానే ఫిరంగుల మోతలు ఊహించుకోకండి. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న సామెత మాకోసమే పుట్టిందేమో. మావాళ్ళు జీతాల సిపాయిలు కారు. కలప మిల్లులో రంపం పట్టేవాళ్ళు, రొట్టెలు కాల్చేవాళ్ళు, ఆపిల్ తోటల రైతులు. వారానికో సాయంత్రం పని ముగించుకుని కవాతుశాలకు వచ్చి, కుడీ ఎడమా అంటూ నడిచేవారు. ఎండాకాలంలో కొన్నాళ్ళు నది ఒడ్డున గుడారాలు వేసుకుని, శత్రువు ఎవరూ దొరక్క దోమలతో పోరాడేవారు. దీన్ని మిలీషియా అంటారు. దేశానికి ఆపద వస్తే అందరం కలిసి ముందుకు దూకుతామని వాళ్ళు నిజంగానే నమ్మేవారు. ఆ రోజుల్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత రాలేదు.

నన్ను ఆ ఊరి ఆడవాళ్ళు ఒక చలికాలమంతా చర్చి పక్క గదిలో కూర్చుని కుట్టారు. అందరికీ పెద్ద ఎల్స్‌పెత్. కలప మిల్లు ప్రమాదంలో భర్త పోయాక, ఇళ్ళ తెరలూ పెళ్ళి గౌన్లూ కుడుతూ ఒక్కగానొక్క కొడుకు ఆంగస్‌ను పెంచుకుంటున్న మనిషి. ఆమె కుట్టిన గుడ్డను తిరగేస్తే ఏది ముందో ఏది వెనకో తేల్చుకోవడం కష్టం. నా కొమ్మ మీద ఆకులన్నీ ఆమె కుట్టినవే.

పటాలం జెండాలకు ఒక ఆచారం ఉంది. ఏ చోట యుద్ధం చేసి పేరు తెచ్చుకుంటే ఆ చోటు పేరు జెండా మీద కుడతారు. మావాళ్ళు ఎక్కడా యుద్ధం చేయలేదు కదా. అయినా కర్నల్ థార్న్ ఒకరోజు వచ్చి, కొమ్మకు రెండు పక్కలా చోటు వదలమన్నాడు. "ఎప్పటికైనా పనికొస్తుందమ్మా" అన్నాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆడవాళ్ళు కూడా మురిసిపోయి, నీటుగా కొలిచి మరీ చోటు వదిలారు. అది నిండాలంటే ఏం జరగాలో ఒక్కరికీ తట్టలేదు.

నన్ను పటాలానికి అప్పగించిన రోజున బిషప్ దీవించాడు. పట్నం నుంచి వచ్చిన ఓ గొప్పింటావిడ నన్ను అందించింది. నేను కదలగానే మగవాళ్ళ టోపీలన్నీ తలల మీంచి లేచాయి. నన్ను కుట్టినవాళ్ళు ఆ సమయంలో వెనకాల బల్లల దగ్గర టీ పోస్తున్నారు. గుడ్డకు వందనం చేసే మనిషి, గుడ్డ కుట్టిన చేతికి ఎందుకు చేయడో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఎల్స్‌పెత్‌కు ఒక మర్యాద మాత్రం దక్కింది. ఏటా వసంతంలో చర్చి కవాతుకు ముందు నన్ను ఆమె ఇంటికి పంపేవారు. రాలిన కుచ్చులు, సడలిన కుట్లు సరిచేసి ఆమె తిరిగి పంపాకే కవాతు జరిగేది. నేను సగం పటాలం సొత్తు, సగం ఆమె సొత్తు అనుకునేదాన్ని. ఆమె కూడా అలాగే అనుకుందని తర్వాత తేలింది.

పంతొమ్మిది వందల పద్నాలుగులో పెద్ద యుద్ధం వచ్చింది. ఆంగస్ అప్పటికే పటాలంలో ఉన్నాడు. తల్లి పంపనంటే పంపనంది. కర్నల్ థార్న్ స్వయంగా ఆమె గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "మనవాళ్ళంతా కలిసే వెళ్తారమ్మా. కలిసే ఉంటారు, నువ్వు కుట్టిన జెండా కిందే ఉంటారు. నీ బిడ్డ పరాయివాళ్ళ మధ్య పడిపోడు. ఆ పూచీ నాది" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె కొడుకును పంపింది. కర్నల్ అబద్ధమాడలేదు. ఏం జరగబోతోందో ఆయనకూ తెలియదు, అంతే.

పైవాళ్ళకు పటాలాలు అక్కర్లేదు, మనుషులు కావాలి. ఊళ్ళ పటాలాలను ఎక్కడివక్కడే ఉంచి, వాటిలోంచి కుర్రాళ్ళను తీసి, అంకెల పేర్లతో కొత్త దళాలు కట్టారు. మావాళ్ళ దళం ఇంగ్లండులో ఓడ దిగగానే దాన్నీ విడగొట్టారు. ఎక్కడ మనుషులు తక్కువైతే అక్కడికి ఇద్దర్నీ ముగ్గుర్నీ పంచిపెట్టారు. నేను రైలే ఎక్కలేదు. తొడుగు తొడిగి నన్ను కవాతుశాల మూలన నిలబెట్టేశారు. ఆంగస్ ఫ్రాన్సులో కోర్సెలెట్ అనే పల్లె దగ్గర, తన ఊళ్ళో ఎవరూ పేరు వినని ఏదో పటాలం బిళ్ళను టోపీకి పెట్టుకుని చచ్చిపోయాడు. శవం దొరకలేదు. పైన్‌ఫర్డ్ కుర్రాళ్ళు ఇంకా ఎందరో ఆ పల్లె చుట్టూనే పోయారు. పక్క కందకంలో తన ఊరివాడు ఉన్నాడని వాళ్ళలో చాలామందికి తెలియదు.

యుద్ధం అయ్యాక వేరే పటాలాల జెండాల మీద పేర్లు వెలిశాయి. మాకు మాత్రం ఏదీ రాలేదు. ఎల్స్‌పెత్ కవాతుశాలకు వచ్చి, నన్ను విప్పించి, ఖాళీ చోటు మీద చెయ్యి పెట్టింది.

"ఇక్కడ కోర్సెలెట్ అని కుడతానండీ" అంది.

"కుదరదమ్మా. మన పటాలం పటాలంగా అక్కడ నిలబడలేదు. పైవాళ్ళు ఒప్పుకోరు" అన్నాడు కర్నల్.

"మరి అక్కడ పోయినవాళ్ళు ఎవరు?"

"మనవాళ్ళే. కాకపోతే, అప్పటికి లెక్కలో వేరే పటాలంవాళ్ళు."

"వెళ్ళేటప్పుడు మీవాళ్ళు, పోయాక వేరేవాళ్ళా?"

కర్నల్ ఇబ్బందిగా కదిలాడు. "ఊరి కూడలిలో రాతి మీద నీ బిడ్డ పేరు చెక్కించాం కదమ్మా."

"పోయాడని చెక్కారు. ఎవరితో పోయాడో ఆ రాతి మీద లేదు. మీరు నా గుమ్మంలో నిలబడి అన్న మాట నాకింకా చెవుల్లో ఉంది. వాడు పరాయివాళ్ళ మధ్య పోలేదు, మనవాళ్ళతోనే పోయాడు అని ఎక్కడో ఒకచోట ఉండాలి. నాకు అది చాలు."

ఆయన తనే నన్ను చుట్టి మూలన పెట్టాడు. మంచివాడే పాపం. మంచివాళ్ళ చేతుల్లో ఏమీ ఉండదని ఆ రోజే నాకు తెలిసింది.

మరుసటి వసంతంలో అలవాటు ప్రకారం నన్ను ఆమె ఇంటికి పంపారు. ఆమె కుచ్చుల జోలికి పోలేదు. కిటికీ పక్క ఎండలో నన్ను ఒళ్ళో పరచుకుని, బంగారు దారం ఎక్కించి, ఖాళీ చోట మొదటి కుట్టు వేసింది. నాకు ఎన్ని వేల కుట్లు పడ్డాయో లెక్కలేదు గాని ఆ కుట్లు వేరు. ఒక అక్షరం పూర్తయితే వేలితో తడిమి చూసుకునేది. పని ముగిశాక, నిద్రపోయిన పిల్లవాడి మీద దుప్పటి సర్దినట్టు నా మీద చెయ్యి రాసింది. నా జన్మకు ఒక అర్థం ఉందని నాకు అనిపించింది ఆ ఒక్క రోజే.

చర్చి కవాతుకు పట్నం నుంచి జనరల్ వచ్చాడు. నన్ను మోసేవాడు రొట్టెల దుకాణం బార్నబీ. అతనూ యుద్ధం చేసి, మూడు వేళ్ళు అక్కడే వదిలేసి వచ్చినవాడు. తొడుగు తీసి పేరు చూశాడు. ఒక్క క్షణం ఆగి, ఏమీ ఎరగనట్టు నన్ను ఎత్తి పట్టుకున్నాడు. గాలి నన్ను నిండా పరిచింది. గోడ పక్కన నిలబడ్డ ఆడవాళ్ళలో ఒకామె ఆ పేరును పైకే చదివింది. వాళ్ళందరికీ ఆ పల్లె పేరు తెలుసు. ఎవరూ కేకలు పెట్టలేదు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. జనరల్ పేరు చూసి, కర్నల్ వంక చూసి, నాకు వందనం చేశాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. రాజధానిలో ఏదో కార్యాలయం నుంచి ఉత్తర్వు వచ్చింది. కర్నల్ నన్ను చంకన పెట్టుకుని ఎల్స్‌పెత్ ఇంటికి వచ్చాడు. ఆ మనిషి ఒక్కసారిగా ముసలివాడైపోయాడు.

"పేరు తీసెయ్యాలమ్మా. తీయకపోతే పటాలాన్నే రద్దు చేస్తారట. అసలే చిన్న పటాలాలను తగ్గించాలని చూస్తున్నారు."

"నేను తీయను. ఇంకెవరితోనైనా తీయించుకోండి."

"అడిగాను. ఊళ్ళో ఒక్క ఆడమనిషీ కత్తెర ముట్టనంటోంది. రేపు పైవాళ్ళే వచ్చి చింపుతారు."

ఆమె నన్ను అందుకుని ఒళ్ళో పరచుకుంది. నేను లోపల మొక్కుకున్నాను, ఒప్పుకోవద్దని. చివరికి అంది: "పటాలమే పోతే వీళ్ళు ఎవరివాళ్ళని చెప్పుకోవాలి? నేను తీస్తే పటాలం ఉంటుందా?"

"ఉంటుందమ్మా."

"అయితే మీరు బయట కూర్చోండి."

ఒక్కో కుట్టునూ సూది మొనతో ఎత్తి విప్పింది. వేసేటప్పటికన్నా తీసేటప్పుడే మెల్లగా, పట్టు చిరగకుండా, జాగ్రత్తగా చేసింది. కొడుకును రెండోసారి సాగనంపింది. పేరు పోయింది గాని, సూది దూరిన రంధ్రాలు పట్టులో అలాగే ఉండిపోయాయి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఆ చుక్కల్లో కోర్సెలెట్ అని చదవొచ్చు. కర్నల్ అది గమనించాడు. గమనించనట్టు నన్ను తొడుగులో పెట్టేశాడు.

ఇంత చేస్తే పటాలం దక్కిందా అంటారేమో. కొన్నేళ్ళు గడిచాక, ముప్పై ఆరులో, ఆ పైవాళ్ళే సైన్యాన్ని పొదుపుగా సర్దుకుంటూ మా పటాలాన్ని రద్దు చేశారు. జెండా మీద ఏముందో ఏం లేదో ఎవరూ అడగలేదు. అంత చిన్న విషయం వాళ్ళకు గుర్తు కూడా లేదు. ఎల్స్‌పెత్ తన చేతులతో చేసిన ఆ పని వట్టి బూడిదలో పోసిన పన్నీరైంది.

పటాలం లేని జెండాను చర్చిలో ఎత్తుగా వేలాడదీస్తారు. అక్కడికి చేరాక ఇక సూది తగలకూడదు. దానంతటది జీర్ణించి, పోగులు పోగులై, దుమ్ముగా రాలిపోవాలి. అది గౌరవమని వాళ్ళ నమ్మకం. బతికుండగా ఏటా బాగుచేయించుకున్నదాన్ని, పైకప్పు కింద చినుగుతూ కూర్చున్నాను. ఎల్స్‌పెత్ ప్రతి ఆదివారం నా కిందే కూర్చునేది. ఒకరోజు కొత్తగా వచ్చిన పాస్టరును అడిగింది.

"ఇప్పుడు పటాలం లేదు కదండీ, రూలు ఎవరి కోసం? నిచ్చెన వేయించండి. ఒక్క పూట పని. రంధ్రాలు అలాగే ఉన్నాయి, దారం ఎక్కిస్తే చాలు."

"వేలాడదీసిన జెండాను ముట్టకూడదమ్మా. ఆచారం" అన్నాడాయన మెత్తగా.

"ఉన్నప్పుడు పటాలం కోసం వద్దన్నారు. పోయాక ఆచారం కోసం వద్దంటున్నారు" అంది ఆమె. కోపంగా కూడా అనలేదు.

తర్వాత ఆమెకు చూపు మందగించింది. పక్కన కూర్చున్న బార్నబీని "పేరు కనబడుతోందా?" అని అడిగేది. అతను పైకి చూసి, "స్పష్టంగా కనబడుతోందమ్మా" అనేవాడు. ఒక చలికాలం ఆమె రాలేదు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. ఆమె శవపెట్టెను నా కిందనుంచే మోసుకుపోయారు. ఒక్క పోగు రాల్చి ఆమె మీద వెయ్యడం కూడా నాకు చేతకాలేదు.

చర్చికి జనం తగ్గిపోయారు. చివరికి మూసేశారు. నన్ను దించి పట్నంలో మ్యూజియానికి ఇచ్చారు. అక్కడ నాదియా అనే యువతి నన్ను బల్ల మీద పరిచింది. చేతులు ఎంత మెత్తనివో చెప్పలేను. దుమ్మంతా మెల్లగా తీసింది. భూతద్దంలో నా రంధ్రాలు చూసినప్పుడు, ఇన్నేళ్ళకు చదివే మనిషి దొరికిందని ఆశపడ్డాను. అప్పటికి చుట్టూ పట్టు చాలాచోట్ల నలిగి, చిల్లులు పడి ఉంది. ఏ చిల్లు ఎందుకు పడిందో ఎవరు చెప్పగలరు?

"ఇవేంటి, ఇంత దగ్గర దగ్గరగా?" అని పక్కనున్నతను అడిగాడు.

"పురుగు కొట్టింది" అంది నాదియా. "పర్వాలేదు, సరిచేస్తాను."

నాకోసం అదే ఆకుపచ్చలో సన్నని పట్టు అద్దించింది. వెనక నుంచి ఆనించి, వెంట్రుకలాంటి దారంతో ఒక్కో రంధ్రాన్నీ మూసింది. వారాల తరబడి, ప్రాణం పెట్టి చేసింది. ఎల్స్‌పెత్ చూసి ఉంటే ఆ పనితనాన్ని మెచ్చుకునేది. నేను మాత్రం ఆ సూది దిగిన ప్రతిసారీ వద్దు తల్లీ, వద్దు తల్లీ అని ఏడ్చాను. జెండా ఏడుపు ఎవరికి వినబడుతుంది? చివరి రంధ్రం కూడా మూసుకుపోయింది.

ఇప్పుడు నేను అద్దాల పెట్టెలో ఉన్నాను. ఎంత శుభ్రంగా ఉందో అని అందరూ అంటారు. పక్కన ఒక చిన్న అట్ట పెట్టారు. దాన్ని చదివి జనం నవ్వుకుంటూ పక్క పెట్టెలోని కత్తుల దగ్గరికి వెళ్ళిపోతారు. దాని మీద ఇలా ఉంది: పైన్‌ఫర్డ్ పటాలం జెండా. ఈ పటాలం ఏ యుద్ధంలోనూ పాల్గొనలేదు.