మొగులమ్మ పట్టిన గొర్రు

ఒకే రోజున ఒకే గేటులోంచి లోపలికి పోయిన ఇద్దరు మనుషులు ఆరేళ్ళ తరువాత రెండు రకాలుగా బయటికొస్తున్నారంటే మధ్యలో ఏదో తిరకాసు ఉండి తీరాలి. అదేమిటో తేల్చుకోకపోతే మొగులమ్మకు తిన్న అన్నం ఒంటబట్టేలా లేదు.

ఆ ఇద్దరిలో ఒకడు ఆమె మొగుడు అంజయ్య, వెలిమెల మనిషి. కార్ఖానా కట్టేటప్పుడు వాళ్ళ భూమి కొంత అందులో పోయింది. అందుకు బదులుగా ఇంటికొకరికి పని ఇచ్చారు. రెండోవాడు త్రినాథరావు. గోదావరి వైపునుంచి ఒక రేకు పెట్టెతో, కట్టుకున్నదాన్ని వెంటబెట్టుకుని పటాన్‌చెరు బాటలో బస్సు దిగినవాడు. ఇద్దరూ మొదట్లో మోసింది ఒకే ఇనుము, తిన్నది ఒకే మేస్త్రీ తిట్లు. ఇప్పుడు త్రినాథరావు పర్మినెంటు ఫిట్టరు. కాలనీలో క్వార్టరు, ఇంట్లో కుళాయి, పిల్లలకు బడి, జ్వరమొస్తే డాక్టరు. అంజయ్య మాత్రం ఇంకా టెంపరరీ ఖలాసీయే. పని ఉన్ననాడు కూలి, లేనినాడు గాలి.

ఎందుకిలా అని ఊళ్ళో ఎవరినడిగినా జవాబు నాలుక చివరే ఉండేది. "వాళ్ళకు వాళ్ళోళ్ళున్నరు. మనకెవరున్నరు?" అనేవాళ్ళు. కాలనీలో అడిగితే ఇంకో జవాబు వచ్చేది. "ఈ ఊరివాళ్ళకు పని మీద ధ్యాస ఉండదండీ" అనేవాళ్ళు. ఆ రెండో మాట విన్నప్పుడల్లా మొగులమ్మకు ఒళ్ళు మండిపోయేది. కోడి కూయకముందే లేచి, ఎడ్లకు మేతవేసి, మెట్ట చెలక చుట్టూ ఓసారి తిరిగొచ్చి, ఆపైన సైకిలెక్కి డ్యూటీకి పోయే మనిషికి ధ్యాస లేదట! అలాంటివాడే సోమరిపోతైతే ఇక ఈ లోకంలో కష్టపడేవాడెవడు?

ఆమె ఆ కాలనీలో పాలు పోసేది. త్రినాథరావు భార్య పద్మావతి ఆమెకు మొట్టమొదటి వాడుక. అరవైతొమ్మిదిలో తెలంగాణ గొడవలు రేగి, కాలనీవాళ్ళకు పాలు పొయ్యొద్దని ఊళ్ళో కొందరు కట్టడి చేసినప్పుడు, "చంటిపిల్లకు తెలుసా మీ గొడవలు?" అని కసురుకుని వెనక సందులోంచి పద్మావతి బిడ్డకు పాలు చేర్చిన మనిషి మొగులమ్మ. అప్పటినుంచి వాళ్ళిద్దరి మధ్య దాపరికాలు లేవు.

డెబ్బైమూడో సంవత్సరం, మిరుగం దగ్గరపడుతున్న రోజులు. మిరుగమంటే మృగశిర కార్తె, తొలకరికి విత్తనం పెట్టే అదను. కిందటేడు వాన మొహం చాటేసి కరువు తెచ్చిపెట్టింది గనుక ఈ యేడు ఊరంతా ఆకాశం వంకే చూస్తోంది. ఆ పొద్దున పద్మావతి గిన్నెలో పాలు పోసి మొగులమ్మ అక్కడే చతికిలబడింది.

"పద్మావతమ్మా, ఒక్క మాట అడుగుత, కోపం చెయ్యకు. మీ ఆయినె, మా ఆయినె ఒక్కనాడే గదా పనిల చేరింది. మరి మీరు గిట్ల ఎట్లైన్రు, మేం గట్లనే ఎట్లున్నం?"

పద్మావతి గిన్నె పక్కన పెట్టింది. తరువాత ఆమె కూడా కింద కూర్చుంది.

"నీ దగ్గర అబద్ధమెందుకు మొగులమ్మా. మావైపు మేస్త్రీ ఒకాయన చెప్పిన మాట కొంత పనిచేసింది, కాదంటే నా కళ్ళు పోతాయి. కానీ ఎవరు చెప్పినా, మధ్యలో తెంపు లేకుండా ఏడాది పొడుగునా పనిచేసినవాళ్ళనే పర్మినెంటుకు పిలుస్తారు. మీ ఆయన ఏటా మిరుగం రాగానే మాయమైపోతాడు కదా! మీ ఊరివాళ్ళంతా అంతేనట. ఆ రోజుల్లో కార్ఖానా షాపు సగం ఖాళీ అని ఈయన చెప్తుంటారు. తిరిగొచ్చాక మళ్ళీ కొత్తగా చేరినట్టే. పాత పనంతా గంగలో కలిసినట్టే."

"మిరుగమమ్మా! మిరుగంల ఇత్తనం పెట్టకుంటె ఏం తింటం?"

"అదే చెప్తున్నా. మీకు వెళ్ళడానికి చెలక ఉంది. మాకేముంది? మా మామగారు పోతే కొరివి పెట్టాల్సిన పెద్దకొడుకు, ఈయన, పనికి తెంపు పడుతుందని వెళ్ళలేదు, మా మరిది పెట్టాడు. ఇప్పటికీ మంచి కూర వండినరోజున ఈయన ముద్ద పట్టుకుని ఏడుస్తారు. ఈ గేటు మూసుకుంటే మాకు నిలబడ్డానికి జానెడు జాగా లేదు. అందుకని పళ్ళబిగువున పట్టుకుని వేళ్ళాడాం. అంతకుమించి మా గొప్పేమీ లేదు."

ఖాళీ చెంబులతో ఇంటిదారి పట్టిన మొగులమ్మకు దారి పొడుగునా కోపమే. ఆరేళ్ళలో ఒక్క మేస్త్రీకైనా నోరు పెగిలి ఈ సంగతి చెప్పబుద్ధి కాలేదా? చెప్పినా మనవాళ్ళు వినేవాళ్ళా? గేటుకాడ సలాం కొట్టి, మిరుగం పిలిచిందని మందలో గొర్రెల్లా ఒకరి వెంట ఒకరు ఇంటికొచ్చేస్తిరి! పోయినేడైతే అంత పనీ మానుకుని పెట్టిన విత్తనం భూమిలోనే మాడిపోయె. అటు పని తెగె, ఇటు గింజ రాకపాయె. ఇల్లు చేరేసరికి ఆమె ఒక నిశ్చయానికి వచ్చేసింది. మొగులమ్మ నిశ్చయానికి వచ్చిందంటే ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా మారదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

సాయంత్రం అంజయ్య సైకిలు దిగాడు. దిగగానే అలవాటు ప్రకారం గడప బయట బూడిద కుండ దగ్గరికి పోయి చేతులు రుద్దుకోసాగాడు. అది అతని తల్లి రాజవ్వ పెట్టిన కట్టడి. కార్ఖానా నూనె వాసనంటే ఆమెకు కడుపులో దేవుతుంది. మట్టి వాసనతో ఇంటికి రావలసిన కొడుకు మిషను వాసనతో వస్తున్నాడని ఆమె దిగులు. "ఆ కంపుతోటి నా గడప తొక్కకు" అని ఆరేళ్ళుగా రోజూ అంటూనే ఉంది.

"ఈ యేడు మిరుగానికి నువ్వు నాగా పెట్టద్దు" అంది మొగులమ్మ, ముందూ వెనకా ఏమీ లేకుండా. పద్మావతి చెప్పినదంతా చెప్పింది.

అంజయ్య బూడిద చేతులు దులుపుకున్నాడు. "మంచిగనే ఉన్నది గని, గొర్రెవరు పడతరే? కైకిలి కూలోళ్ళను పిలుద్దమంటె మిరుగంనాడు ఎవని చెలకల వాడుంటడు."

"నేను పడత."

రాజవ్వ గుండెలు బాదుకుంది. "ఓ యవ్వో! ఇన్నవారా దీని మాట! ఆడది గొర్రు పడితే మిరుగం మాడిపోతదే! మన ఇండ్లల్ల ఎన్నడన్న ఉన్నదా?"

నిజమే, ఎన్నడూ లేదు. విత్తేటప్పుడు మొగవాడు గొర్రు పట్టి ఎడ్లను తోలుతాడు. ఆడమనిషి వెనకే నడుస్తూ గొర్రుకున్న జడ్డిగం అనే చెక్క గిన్నెలో గుప్పిట్లోంచి గింజలు వదులుతుంది. అక్కడితో ఆమె పని సరి. గొర్రు మేడి మీద ఆడదాని చెయ్యి పడకూడదు.

"పోయినేడు మొగోళ్ళే పట్టిన్రు గదా అత్తా, మిరుగం మాడలేదా?" అంది మొగులమ్మ. తరువాత మొగుడివైపు తిరిగింది. "ఆడ చూస్తే పర్మినెంటు లేదు, ఈడ చూస్తే పంట లేదు. రెంటికి చెడ్డ రేవడి లెక్కయితున్నం. నువ్వు ఆ గేటు ఇడవకు. ఈ చెలక సంగతి నేను సూసుకుంట."

అంజయ్య కొట్టంలోని గొర్రు వైపే చూశాడు. అదే ఆమెకు భయం.

మిరుగం నాటికి వాన పడింది, దిట్టంగా పడింది. తెల్లారి లేచి చూస్తే చెలక పదునుకొచ్చి మట్టి వాసన ఊరంతా కమ్ముకుని ఉంది. అంజయ్య డ్యూటీ చొక్కా తొడుక్కుని కూడా కొట్టం గుమ్మంలో నిలబడి ఎర్రెద్దు వీపు నిమురుతున్నాడు. వీధిలో జనం ఎడ్లు తోలుకుని పోతున్నారు. అంజయ్యతోపాటే కార్ఖానాలో ఖలాసీ చేసే అతని పెద్దనాయన కొడుకు ఎల్లయ్య భుజాన గొర్రేసుకుని, "ఏం తమ్మీ, ఇంక బయలెల్లలే?" అని అడిగి సాగిపోయాడు. అంజయ్య కాళ్ళు అటే లాగాయి. మొగులమ్మ వచ్చి అతని చేతిలో సద్దిగిన్నె కుక్కి, సైకిలు తెచ్చి ఎదుట నిలబెట్టింది. "జల్దీ పో" అంది. అతను పోయాడు గానీ మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే పోయాడు.

చెలకలో ఎడ్లు కట్టి మొగులమ్మ గొర్రు పట్టింది. రాజవ్వ వచ్చి గట్టు మీద కూర్చుందే గానీ గింజల గంప ముట్టలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. చేసేదిలేక మొగులమ్మ గింజలు ఒడిలో కట్టుకుని, ఒక చేత్తో మేడి పట్టి, రెండో చేత్తో జడ్డిగంలో వదలడం మొదలుపెట్టింది. ఎడ్లకు కొత్త చెయ్యి తెలిసిపోయింది. ఎర్రెద్దు ఒకవైపు గుంజితే సాలు కాస్తా పాములా మెలికలు తిరిగింది. అరచెయ్యి కందింది. గింజలు జడ్డిగంలో సగం, బయట సగం. ఐనా ఆమె ఆగలేదు.

పక్క చెలకలోంచి ఎల్లయ్య కేకలేస్తూ పరుగెత్తుకొచ్చాడు. బావ వరస, పైగా పెద్దవాడు. మొగులమ్మ కొంగు నెత్తిన సర్దుకుంది, మేడి మాత్రం వదల్లేదు.

"ఏం పని పెట్టినవే మొగులమ్మా! ఊరంతటికి అరిష్టం తెస్తవా? మొగడు బతికుండంగ గొర్రు పట్టిన ఆడదాన్ని మా ఇండ్లల్ల సూడలే!"

"మొగడు బతకాలనే పట్టిన బావా. ఇయ్యాల నువ్వు ఈడికొచ్చినవు. రేపు పొయ్యి మల్ల కొత్తగ చేరుతవు. మా ఆయినె చేరడు. గంతే."

ఎల్లయ్యకు వాత పెట్టినట్టయింది. గట్టు మీది రాజవ్వ వైపు తిరిగాడు. "చిన్నమ్మా, నీ కోడలికి బుద్ధి నేర్పేటోళ్ళు లేకనే గిట్ల తయారైంది. ఉండు, నేను పొయ్యి వాన్నే పట్కొస్త. వచ్చి గొర్రు గుంజుకుంటడు." సైకిలు తెచ్చుకోవడానికి ఇంటివైపు తిరిగాడు.

"ఆగు ఎల్లయ్యా" అంది రాజవ్వ. గట్టు మీదినుంచి లేచింది. నోట్లోంచి కొంగు తీసేసింది.

"నా పెనిమిటి కాలం జేసిన యేడు నా పోరనికి మీసం గూడ మొలవలే. మిరుగమొస్తే, జెర మా చెలకల గొర్రు తోలున్రి నాయనా అని మీ నాయిన గడపకాడ కూసున్న. ఇయ్యాల రేపు అన్నరు. అదును పొయ్యింది, చెలక ఇత్తనం లేక పడావు పడ్డది. ఆ యేడు గంజి తాగి బతికినం. ఎడ్లున్నయి, గొర్రున్నది, నాకు చేతులున్నయి. ఆడదాన్నని ముట్టలే. నాడు లేని బుద్ధి నాకు నా కోడలు నేర్పుతున్నది. పో, ఎవన్ని తెచ్చుకుంటవో తెచ్చుకో."

ఎల్లయ్య పోనే పోయాడు. రాజవ్వ గంప నడుముకెత్తుకుని వచ్చి జడ్డిగం దగ్గర నిలబడింది. "మేడి అదిమి పట్టే, పోరి" అని కసిరింది. "ఎర్రెద్దును నోటితోటి అదిలించు. అది మాట ఇంటది." మొగులమ్మకు కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

ఎండ నడినెత్తికి వచ్చింది. కార్ఖానా భోజనం సైరన్ వినబడ్డ కాసేపటికి బాట మీద రెండు సైకిళ్ళు కనబడ్డాయి. ఒకటి ఎల్లయ్యది, ఇంకొకటి అంజయ్యది. మొగులమ్మ ఎడ్లను ఆపేసింది. అంతా అయిపోయింది, వచ్చేశాడు! అరిచి వెనక్కి పొమ్మందామనుకుంది. కానీ తాను తరిమితే పోయేవాడు రేపు ఇంకెవరో పిలిస్తే వచ్చేస్తాడు. నోరు కట్టేసుకుని ఎడ్లను అదిలించి, బాటకు వీపు పెట్టి ఆ సాలు చివరిదాకా తోలింది. రాజవ్వ కూడా తలెత్తలేదు.

చివర మళ్ళించి చూస్తే బాట మీద ఎవరూ లేరు. అంజయ్య గేటుకు మళ్ళాడా? సిగ్గుతో కల్లు దుకాణానికి పోయాడా? ఎల్లయ్య కూడా వచ్చి చెప్పలేదు. ఆ మిగిలిన పూటంతా ఆమె ఎలా విత్తిందో ఆమెకే తెలియదు. చెలక ముగిసేసరికి అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి.

పొద్దుగూకే వేళ సైరన్ కూసింది. బాట మీద సైకిళ్ళు వచ్చాయి, పోయాయి. అత్తాకోడళ్ళిద్దరూ వాకిట్లో నిలబడ్డారు. అందరూ పోయాక చిట్టచివర అంజయ్య వచ్చాడు. దిగి, సైకిలు గోడకానించాడు. మోచేతులదాకా నల్లటి నూనె.

"అన్నతోని వచ్చిన" అన్నాడు నేల చూపులు చూస్తూ. "మిమ్ముల గొర్రెంబడి సూసి, ఈ మొకం పెట్టుకొని చెలకల ఎట్ల దిగాలె అనిపిచ్చింది. రెండో సైరన్ పడకముందే మల్ల పోయి పనిల నిలబడ్డ." కాస్త ఆగి, తలెత్తకుండానే మళ్ళీ అన్నాడు. "సాళ్ళు వంకర పోయినయే."

"పోనీ. మొలక వంకరొస్తదా?" అంది మొగులమ్మ. అంటూనే బావురుమని ఏడ్చేసింది.

అంజయ్య బొబ్బలెక్కిన ఆమె చేతులు చూశాడు. అలవాటుగా గడప పక్క బూడిద కుండ వైపు నడిచాడు. రాజవ్వ అతనికంటే ముందే వెళ్ళి ఆ కుండను కాలితో అవతలికి జరిపింది. కొడుకు చేతులు రెండూ పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆరేళ్ళుగా కడుపులో దేవిన ఆ వాసనను తనివితీరా పీల్చింది.

"లోపటికి రా బిడ్డా" అంది. "రేపు గూడ గిదే వాసనతోటి రా."