గీత కింద తమ్ముడు

మరణాల రేటు అంటే బ్రహ్మవిద్యేం కాదు. గీత పైన దేశమంతా పాకిన ఆ అంటురోగంతో పోయినవాళ్లు, గీత కింద దేశంలో ఉన్నవాళ్లందరూ. భాగించి లక్షకి ఇంతమంది అని చెప్పడమే. టీవీలో ఆ అంకె చదివేటప్పుడు మాత్రం గీతని కనపడనివ్వరు.

గణాంకాల ఆఫీసులో రోజూ ఆ కాగితం కింద "సరిచూశాను" అని రాసి సంతకం పెట్టే పని ఒకావిడది. చుక్క తర్వాత అంకె కోసం కూడా పోట్లాడుతుందని ఆఫీసంతా ఆవిణ్ణి దశాంశం అంటారు. పెళ్లి లేదు, తల్లిదండ్రులు లేరు. ఉన్నది ఒక్క తమ్ముడు. లిఫ్టులు బాగుచేసేవాడు, రెండు వీధుల అవతల ఒంటిగదిలో ఉండేవాడు.

ఆ తమ్ముడు పోయాడు. జ్వరంతో, ఆ రోగం పరీక్ష కోసం మూడు రోజులు ఆసుపత్రి వరుసలో నిలబడ్డాడు. మూడు రోజులూ తన వంతు రాకముందే కిటికీ మూసేశారు. నాలుగో రోజు లేవలేదు. డాక్టరు గుమ్మంలోనే నిలబడి "ఊపిరాడక" అని రాసిచ్చాడు. ఎందుకు ఆడలేదో రాయడానికి పరీక్ష కాగితం లేదు. కాగితం లేనివాణ్ణి గీత పైకి ఎక్కించకూడదని రూలు.

సరే, పైన లేడు. కింద మాత్రం ఉన్నాడు. ఆ సంగతి ఆవిడకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు, జనాభా లెక్కలప్పుడు ఆ వీధి ఆవిడకే పడింది కాబట్టి. అప్పుడు అట్ట పట్టుకుని తమ్ముడి తలుపు కొట్టి, ముక్కూమొహం తెలియనట్టు, ఇంట్లో ఎంతమంది అని అడిగింది. వాడు నవ్వాపుకుంటూ, "అర అని రాసుకోండి మేడం. పగలంతా లిఫ్టుల్లోనే ఉంటాగా" అన్నాడు. ఆవిడ ఒకటి అని రాసింది. ఆ ఒకటి ఇంకా అక్కడే ఉంది. చచ్చినా వాడు దేశం రేటు తగ్గించే డ్యూటీలోనే ఉన్నాడు.

వారం సెలవయ్యాక ఆవిడ ఆఫీసుకొచ్చింది. ఆ రోజు కాగితం బల్ల మీదకొచ్చింది. పక్క దేశాల కంటే మనమే నయమని అందరూ చెప్పుకుంటున్నారు. ఆవిడ కూడిక చూసింది, భాగహారం చూసింది. కింద రాసింది: "సరిచూశాను. ఒకటి తక్కువ."

సూపరింటెండెంటు పిలిపించాడు. మంచివాడే, ఆ మంచితనమే ఒళ్లు మండిస్తుంది. కుర్చీ చూపించాడు, మంచినీళ్లు ఇప్పించాడు, తమ్ముడి గురించి నాలుగు ముక్కలు మాట్లాడాడు. ఆ తర్వాత అసలు సంగతికొచ్చాడు.

"ఒకటి కలిపితే రేటు మారుతుందా దశాంశం గారూ? మీరే చెప్పండి."

"మారదండీ."

"మరి?"

"మారనప్పుడు కలపడానికి మీకేంటండీ బాధ?"

ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు. ఒక్కరికి తలుపు తీస్తే వెనకాల ఎంతమంది వస్తారో తెలియదన్నాడు. అన్నాక తానేం ఒప్పుకున్నాడో ఆయనకే తెలిసొచ్చింది. ఆ కాగితాన్ని సొరుగులో పడేసి, ఇంకోటి టైపు చేయించి, సంతకం తానే పెట్టాడు.

మర్నాడూ ఆవిడ అదే రాసింది. ఆ మర్నాడూ అదే. ఎవరూ గొడవపడలేదు, గొడవైనా బాగుండేది. మధ్యాహ్నం డబ్బా తెరిస్తే రోగం పేరు చెప్పి పక్క కుర్చీలన్నీ దూరం జరిగాయి. ఇంటికెళ్తే పలకరించే ప్రాణి లేదు. ఫోన్లో తమ్ముడి ఆఖరి మెసేజీ ఉంది: "అక్కా, ఇవాళా మూసేశారు. రేపు చూద్దాం." దాని కింద తను కొట్టిన "సరే" ఉంది. ఆ సరేని చూస్తూ కంచంలో కెలుకుతూ కూర్చునేది.

ఆరో రోజు పొద్దున్నే ఆవిణ్ణి పాత ఫైళ్ల గదికి మార్చారు. దుమ్ము, బీరువాలు, ఒక ఫోను. రెండు వారాల దాకా అది మోగనే లేదు.

మోగిన రోజు అవతల ఉన్నది ఆవిడ కుర్చీలో కొత్తగా కూర్చున్న గుమాస్తా. ఆవిడ మొహమైనా చూసినవాడు కాదు. సూపరింటెండెంటు గారి సొరుగులో అయిదు కాగితాలు దొరికాయని చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"అక్కా, ఒకటేనా తక్కువ?"

సరిచూడని అంకె చెప్పడం ఆవిడకి అలవాటు లేదు.

"నాకు తెలిసింది ఒకటి" అంది. "నీకు?"

అటునుంచి కలం మూత తీసిన చప్పుడు వచ్చింది. ఫోను మాత్రం పెట్టలేదు. ఊపిరి తీసుకోవడం వినపడుతోంది. ఆవిడ కూడా పెట్టకుండా అలాగే వింటూ ఉంది.