పెదవి చదివిన పేరు

ఎన్నికలకు ఇంకా పది రోజులుందనగా కుర్చీలక్క పని మానేసింది. వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. ముప్ఫై ఏళ్లుగా పేము కుర్చీలు అల్లుతున్న మనిషి, జ్వరం వచ్చినా దుప్పటి కప్పుకుని అల్లిన మనిషి, ఇప్పుడు వరండాలో గోరువెచ్చని నీళ్ల గిన్నెలో చేతులు ముంచుకుని తీరిగ్గా కూర్చుంది. డాక్టరుగారి కుర్చీలు ఆరు, అల్లిక ఊడిపోయి, గోడ పక్కన వరసగా ఆమెకోసం కాచుకుని ఉన్నాయి.

ఆమెకు చూపు లేదు. ఆరేళ్ల వయసులో జ్వరం పట్టుకుపోయింది. పోతూ పోతూ తెల్లటి వెలుగొకటి మరిచిపోయింది కాబోలు, అది ఇప్పటికీ కలల్లో కనిపిస్తుంటుంది. వేళ్లతో తడిమి చదివే చుక్కల అక్షరాలు నేర్పే బళ్లో ఎనిమిదేళ్లు చదివింది. ఆ తరువాత పేము చేతికొచ్చింది, చదువు చెయ్యిజారింది. నానబెట్టిన పేము బద్దలు లాగీ లాగీ వేళ్ల కొసలు కాయలు కాచాయి. ఈసారి ఓటు యంత్రం మీద ప్రతి బటన్ పక్కనా చుక్కల అక్షరాల్లో పేర్లు ఉంటాయని రేడియోలో విన్న రోజున, పాత బడి పుస్తకం వెతికించుకుని తెరిచింది. పేజీ అంతా ఇసుక పోసినట్టు తగిలిందే తప్ప ఒక్క అక్షరమూ చిక్కలేదు. ఆ పూట ఆమె అన్నం సరిగా తినలేదు.

అందుకే ఈ వేణ్నీళ్లూ, ఈ నూనె మర్దనా, ఈ సెలవూ.

"లెక్కపెట్టి నొక్కెయ్యొచ్చు కదా వదినా, పైనుంచి ఎన్నోదో చూసి," అంది తమ్ముడి భార్య, గిన్నెలో ఇంకాస్త వేడినీళ్లు కలుపుతూ.

"వరస ఎవరు చెబుతారే?"

"ఎవరో ఒకరు చెబుతారు."

"ఆ ఎవరో ఒకరితోనే వచ్చింది చిక్కంతా," అంది కుర్చీలక్క. మరదలు నవ్వేసి లోపలికి వెళ్లిపోయింది. పాపం, ఆమెకు అసలు సంగతి తెలియదు.

అసలు సంగతి ఇది. చూపులేని వాళ్లకు తోడుగా ఒకరు లోపలికి రావచ్చు. ప్రతిసారీ తమ్ముడే వచ్చేవాడు. ఆమె అతని చెవిలో చెప్పేది, అతను నొక్కేవాడు. పోయినసారి, "అన్నిటికన్నా కింద ఉన్న పేరుకి వెయ్యరా," అంది. ఆమె చెయ్యి అతని మోచేతి మీద ఉంది. ఆ మోచెయ్యి కిందికి దిగలేదు, పైకి లేచింది. కుర్చీ ఎత్తు చేత్తో తడిమి వేలెడు తేడా లేకుండా చెప్పే మనిషికి అది తెలియకుండా ఉంటుందా? యంత్రం కూత పెట్టింది. "అయిపోయిందక్కా," అన్నాడు తమ్ముడు. అయిదేళ్లుగా ఆమె ఆ మాట కడుపులోనే దాచుకుంది.

చెడ్డవాడా అంటే, కాదు. అమ్మానాన్నలు పోయాక అక్కను కళ్లల్లో పెట్టుకుని చూసుకున్నాడు. ఆమె గడప దాటితే చాలు, చెయ్యి వచ్చి మణికట్టు పట్టుకునేది. అక్క మేలు అక్కకన్నా తనకే బాగా తెలుసన్న నమ్మకం ఒక్కటే అతనికున్న జబ్బు. ప్రేమ ముదిరితే వచ్చే జబ్బది, దానికి డాక్టరుగారి దగ్గర కూడా మందు లేదు.

ఆ పది రోజులూ ఆమెకు నిద్రకీ మెలకువకీ మధ్య గోడ పలచబడింది. నీళ్లలో వేళ్లు నానుతుంటే పట్టపగలే రెప్పలు వాలిపోయేవి. తెల్లటి వెలుగులో ఒక గది. గది నిండా ఎవరూ కూర్చోని కుర్చీలు. ఒక్కో అల్లికలో ఒక్కో పేరు, వేలు పెడితే పేరు పలికేది, అదీ తన గొంతుతోనే. కలలో ఆమె కుర్చీ కుర్చీకీ ఆగుతూ నడిచేది. వెనక అడుగుల చప్పుడు లేదు, మణికట్టు మీద చెయ్యి లేదు. మెలకువ వచ్చాక, బడి మానేసిన దగ్గరనుంచీ పరాయిచోట ఒక్క గదిలోకైనా తను అలా వెళ్లలేదని గుర్తొచ్చేది. మళ్లీ ఆ కల కోసమే కళ్లు మూసుకునేది.

తొమ్మిదో రోజుకి పుస్తకంలో మూడంటే మూడు అక్షరాలు చిక్కాయి.

ఓటు రోజున బడి గదిలో అధికారి కాగితాలు చూసుకుంటూ అడిగాడు. "తోడు ఎవరమ్మా?"

"నేనే," అన్నాడు తమ్ముడు.

"వీడు బయటుంటాడు," అంది కుర్చీలక్క.

తమ్ముడు తెల్లబోయాడు. అధికారి గొంతు తగ్గించాడు. "వెనక క్యూ చాంతాడంత ఉందమ్మా. ఆయన్ని తీసుకెళ్తే ఇట్టే అయిపోతుంది."

"అయిపోవడానికి రాలేదు బాబూ, వెయ్యడానికొచ్చాను. తోడు ఉండి తీరాలని మీ రూల్లో ఉందా?"

కాగితాలు తిరగేసిన చప్పుడు. "లేదమ్మా. మీ ఇష్టమే."

"అయితే నాకొద్దు."

అట్ట గోడల మధ్య యంత్రం చల్లగా తగిలింది. చూపుడు వేలు పెట్టింది, ఇసుక. ఉంగరపు వేలు, ఇసుక. చిటికెన వేలు కూడా చేతులెత్తేసింది. క్యూలో ఎవరో దగ్గారు. ఇప్పుడు తమ్ముణ్ని ఒక్క కేక వేస్తే పని అయిపోతుంది, ఆ మోచెయ్యి మళ్లీ ఎటు వెళితే అటు. ఏడుపొచ్చింది ఆమెకు. కింది పెదవి కొరుక్కుంది, కొరుక్కుంటే చురుక్కుమంది.

పెదవికి కాయలు లేవు. ముప్ఫై ఏళ్లలో పేము దాని జోలికి రాలేదు.

నెమ్మదిగా వంగి యంత్రానికి పెదవి ఆనించింది. చుక్కలు ఆవగింజల్లా ఒక్కొక్కటే విడివిడిగా తగిలాయి. మొదటి పేరు వచ్చింది, వెళ్లింది. రెండోది వెళ్లింది. బళ్లో పంతులమ్మ గొంతు ఎక్కడో అక్షరాలు వల్లె వేయిస్తోంది. నాలుగోది తనకు కావలసిన పేరు. నమ్మకం చాలక మళ్లీ మొదటినుంచీ చదివింది, తొందరేం లేదన్నట్టు, ఆ గది అంతా తనదే అన్నట్టు. తరువాత నొక్కింది. కూత వినిపించాక కూడా అలాగే కాసేపు నిలబడింది. ఆ సంతోషం ఇంకెవరికీ పంచాలనిపించలేదు.

బయట తమ్ముడు కంగారుగా ఎదురొచ్చాడు. "అలా వంగిపోయావేంటక్కా, కళ్లు తిరిగాయా?"

"లేదురా. చదువుకున్నాను."

కొంచెం దూరం నడిచాక అడగనే అడిగాడు. "ఎవరికి వేశావు?"

"చెప్పను."

ఆ మాట తమ్ముడితో అనడం ఆమెకు పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. రెండడుగులు వేసి ఆగింది. "పోయినసారి నాది ఎవరికి వేశావురా?"

తమ్ముడు ఆమె మణికట్టు వదిలేశాడు. పక్కనుంచి సైకిలొకటి వెళ్లింది. "పైన ఉన్నవాడికి," అన్నాడు. "నీకు మంచిదనే... నీకు తెలుసా?"

"అప్పుడే తెలుసు."

"మరి అయిదేళ్లూ అడగలేదే?"

"నువ్వు అబద్ధం చెబుతావేమోనని భయమేసింది. చెబితే, ఇంక ఎవరి చెయ్యి పట్టుకుని నడవను?"

అతను చెప్పుతో మట్టి గీకుతున్న చప్పుడు ఆమెకు వినిపించింది.

"ఇవాళ నాది నేను వేసుకున్నాను కదా," అందామె మెల్లగా. "నువ్వు అబద్ధమాడినా తట్టుకోగలననిపించింది."

రోడ్డు దాటే చోటు దాకా ఇద్దరూ పక్కపక్కనే నడిచారు. అక్కడ తమ్ముడు ఆగాడు. ఎప్పుడూ అడిగి ఎరుగడు, చటుక్కున పట్టుకునేవాడు.

"చెయ్యి పట్టుకోనా అక్కా?" అన్నాడు.

"పట్టుకో," అంది.