మోటారు వినపడని చోటు

సఫారీ జీపు వెనక ఎదురెదురుగా రెండు బల్లలు. కనకయ్య తన భార్య వనిత పక్కన కూర్చున్నాడు. తోడల్లుడు భూమేశ్ సరిగ్గా వనితకు ఎదురుగా కూర్చున్నాడు. అప్పటినుంచే కనకయ్యకు కడుపుమంట.

సిరిసిల్లలో జీవితమంతా సాంచాలు నడిపినవాడు కనకయ్య. మరమగ్గాలను అక్కడ అట్లాగే అంటారు. పని మానేసినా ఆ మోత అతని చెవుల్ని వదల్లేదు. పూజలోనూ, చావింట్లోనూ, నిద్రలోనూ లోపల ఒక సాంచా ఆడుతూనే ఉంటుంది. ఎదుటివాళ్లు మెల్లగా మాట్లాడితే అందదు. కోరుట్లలో సెల్‌ఫోన్ల దుకాణం నడిపే భూమేశ్‌వేమో పాము చెవులు. జగిత్యాల నుంచి బండి మాట్లాడి, గోదావరి దాటించి, అందర్నీ ఈ కవ్వాల్ అడవికి తెచ్చింది అతడే. అతని భార్య, వనిత చెల్లెలు లత, డ్రైవరు పక్కన కునికిపాట్లు పడుతోంది.

"ఇన్నవా వదినా? నెమలి!" అన్నాడు భూమేశ్.

"అవు మరిదీ, రెండున్నట్టున్నయి." వనిత ముఖం వెలిగింది.

కనకయ్యకు ఒక్కటీ వినపడలేదు.

"గిదేం అడివి?" అన్నాడు గట్టిగా. "తారు రోడ్డు, బోరు నీళ్ల కుంట, ముంగట ఇంకో జీపు. గీడ మృగమెందుకుంటది?"

గైడు గంగారాం అతని చెవి దగ్గరికి వంగాడు. "నిజమే సార్. ఇదంత చూసేటోళ్ల కోసం. మోటరు సప్పుడు ఇనవడని కాడికెల్లి అసలు అడివి. గా మలుపు దాటినంక ఇంజను బందు పెట్టిస్త. ఆడ చూసుడు కాదు, ఇనుడు."

ఆ మాట కనకయ్యకు గుచ్చుకుంది. అట్లయితే జీపు ఎంత లోపలికి పోయినా తను అడవిలో అడుగు పెట్టినట్టు కాదు. మోటారు తన తలలోనే ఉంది.

మలుపు దాటాక ఇంజను ఆగింది. గంగారాం పెదవుల మీద వేలు పెట్టాడు. భూమేశ్ కళ్లు మూసుకున్నాడు. వనిత కూడా మూసుకుంది. ఆమె ముఖం మీద కనకయ్య ఎన్నడూ చూడని నెమ్మది పరచుకుంది, తనను వాకిట్లో వదిలి ఆ ఇద్దరే గడప దాటినట్టు. అతడు ఊపిరి బిగబట్టి విన్నాడు. టకటకా, టకటకా. అదే సాంచా.

"ఇగ పోదామా!" అని అరిచాడు.

కొమ్మ మీంచి ఏదో పిట్ట రెక్కలు కొట్టుకుంటూ లేచిపోయింది.

"నీకు ఇనవడకుంటే మమ్ములనన్న ఇననియ్యరాదే అన్నా!" భూమేశ్ విసుక్కున్నాడు.

కనకయ్య తల దించుకున్నాడు. చెవుడు వల్ల అరవలేదు, కుళ్లు వల్ల అరిచాడు. వనితకు అది తెలిసిపోయిందేమోనని భయపడ్డాడు.

తెలిసిపోయింది. అయినా ఆమె అతని వైపు తిరిగి, గొంతు లేకుండా పెదవులు మాత్రం కదిపింది. ఒకప్పుడు ఆమె నూలు కండెలు చుడుతూ, అతడు సాంచా నడుపుతూ అట్లాగే మాట్లాడుకునేవాళ్లు. కార్ఖానా మోతలో గొంతులు పనిచెయ్యవు.

"మల్లచ్చింది," అన్నాయి పెదవులు. అతని అరచెయ్యి విప్పి, పిట్ట కూతకు తగ్గట్టు వేలితో కొట్టింది. రెండు దెబ్బలు గబగబా, కాస్త ఆగి ఒకటి. మళ్లీ రెండు, ఆగి ఒకటి. పిట్ట దూరం జరిగినకొద్దీ వేలు తేలికైంది.

చెవుల్లో సాంచా ఆగలేదు. కాని సాంచా ఎన్నడూ అట్లా ఆగి కొట్టదు. ఇది దానిది కాదు.

"ఏం పిట్ట?" పెదవులతోనే అడిగాడు.

ఆమె బుగ్గలు ఉబ్బించి, లావుగా ఉందని చేతులతో చూపింది. కనకయ్య చప్పుడు కాకుండా నవ్వాడు.

మళ్లీ కళ్లు మూసుకున్న భూమేశ్ ఒక కన్ను తెరిచాడు. వాళ్ల వంక చూసి, ఉండబట్టలేక ముందుకు వంగాడు. "ఏంది ముచ్చట వదినా? నాకు గూడ చెప్పరాదు?"

"సార్, సప్పుడు," అన్నాడు గంగారాం.

భూమేశ్ ముఖం చిన్నబోయింది. కనకయ్య జాలిపడాల్సింది, పడలేదు. అరచేతిని భార్య ఒడిలోకి ఇంకాస్త జరిపాడు.

"మల్ల కొట్టు," అన్నాడు, పెదవులతో.