చూస్తే చాలు

"రేపు మీటింగులో నువ్వు నోరు తెరవాకు గంగా. వాళ్ళు రాసిచ్చింది చదువు, కూర్చో. అంతే."

మూర్తి ఆ మాట అన్నప్పుడు గంగ వంటింటి కిటికీ చువ్వలు తుడుస్తోంది. ఆషాఢం గాలి మొదలైతే చాలు, బంగారు గనుల సైనైడ్ దిబ్బల మీది దుమ్మంతా చాంపియన్ రీఫ్స్ కాలనీ ఇళ్ళలోకి వచ్చి పడుతుంది. పొద్దున తుడిచిన చోట సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. ఆ దుమ్ము తుడవడం ఎవరి పని అని ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మాట్లాడుకోకుండానే అది గంగ పని అయిపోయింది.

"ఊఁ," అంది గుడ్డ పిండుతూ. ఆ ఊఁలో ఒప్పుకోలు లేదు, కాదనడమూ లేదు. పెళ్ళయిన కొత్తలో నేర్చుకున్న ఊఁ అది.

ఈశ్వరప్పగారి నర్సింగు కాలేజీలో కాన్పుల విభాగానికి గంగ హెడ్డు. దాన్ని ఆనుకుని ఉన్న ఆయన ఆసుపత్రిలోనే మూర్తి స్టోర్స్ చూస్తాడు. గనులు మూసేశాక మూర్తి వాళ్ళ నాన్న ఇంట్లో కూర్చుంటే, ఊళ్ళో కుర్రాళ్ళంతా తెల్లారి రైలెక్కి బెంగుళూరుకు పరుగెత్తే రోజుల్లో, ఊరు దాటకుండా ఉద్యోగం ఇచ్చినవాడు ఈశ్వరప్ప. ఆ కృతజ్ఞత ఆ ఇంట్లో ఇంకో మనిషిలా తిరుగుతుంటుంది.

యూనివర్సిటీ వాళ్ళు బీఎస్సీ నర్సింగు నిబంధనలు మారుస్తున్నారు. ఏమేం చేస్తే విద్యార్థినికి డిగ్రీ ఇవ్వాలో చెప్పమని కాలేజీలను అడిగారు. ఇప్పటిదాకా ప్రతి పిల్లా ఆఖరి పరీక్షకు ముందు తన చేతులతో కాన్పులు చేసి తీరాలి. ఈశ్వరప్ప కాలేజీ పంపబోయే సలహా వేరు. కాన్పు చూస్తే చాలు, చేతిపని బొమ్మ మీద చేసి చూపిస్తే చాలు. ఆ సలహా కింద ఉండాల్సిన పేరు గంగది. కాన్పుల పాఠం చెప్పే మనిషి పేరుంటే దానికి బరువొస్తుందని ఛైర్మన్‌గారే అన్నారట.

ఇదంతా అక్కయమ్మతో మొదలైంది. రాయల్పాడు దగ్గర మామిడితోటలో కూలి చేసుకునే మనిషి, మూడో కాన్పుకు వచ్చింది. ఆ మధ్యాహ్నం డాక్టరమ్మ ఆపరేషన్ థియేటర్లో ఉంది. లేబర్ రూములో ఉండాల్సిన స్టాఫ్ నర్సును, ఓపీలో జనం ఎక్కువున్నారని యాజమాన్యం అక్కడికి పంపింది. మిగిలింది నాలుగో సంవత్సరం పిల్ల ప్రిన్సీ ఒక్కతే. బిడ్డ తనంతట తానే జారి వచ్చేసింది, గట్టిగా ఏడ్చింది కూడా. ఆ తర్వాత రక్తం మొదలైంది. హాజరు చూద్దామని గంగ తలుపు తోసేసరికి నేల మీద రక్తం, గోడకు ఆనుకుని ప్రిన్సీ. ఆ పిల్ల రెండు చేతులూ గాల్లో అలాగే ఉన్నాయి. గంగ ఒక్క అంగలో వెళ్ళి అక్కయమ్మ పొత్తికడుపు మీద చెయ్యి వేసి, మెత్తబడిపోయిన గర్భసంచిని గట్టిపడేదాకా రుద్దుతూ, ఇంజెక్షన్ కోసం కేకలేసింది. తల్లి దక్కింది. విచారణలో మాత్రం ముట్టుకుని చెడగొట్టిందని, తప్పు ప్రిన్సీది అని తేల్చారు. ఆ తేల్చడంలోంచి పుట్టిందే ఈ సలహా.

గంగకు భయం కొత్త కాదు. మూర్తి చెయ్యెత్తే మనిషి కాదు. "మావోడు పెండ్లాన్ని ఒక్క దెబ్బ కొట్టి ఎరగడు," అని అత్త గురువమ్మ నలుగురిలో చెప్పుకుంటుంది. మరి కొట్టనివాడికి భయపడటమేమిటని గంగ తనను తాను ఎన్నోసార్లు అడుక్కుంది. స్కూటర్ స్టాండు వేసే చప్పుడులో ఆ రోజు అతని మనసు ఎలా ఉందో వెతుక్కుంటుంది. నచ్చని మాటొకటి ఆమె నోటి నుంచి వస్తే అతను అరవడు, మాట్లాడటం మానేస్తాడు. ఆ మౌనం ఎన్నాళ్ళుంటుందో తెలియక, ఏ కూర చేస్తే అది విరుగుతుందోనని ఆలోచిస్తూ ఆమె ఇల్లంతా పిల్లిలా నడుస్తుంది. ఎమ్మెస్సీ చదివే రోజుల్లో "పుస్తకం పట్టుకుంటే అన్నం ఉడకతాదా?" అన్నాడు, నవ్వుతూనే. హెడ్డు అయిన రోజున "మా సార్ దయ," అన్నాడు. కూతుర్ని కన్నప్పుడు నొప్పులకు కేక పెడితే, గురువమ్మ ఆమె చెవి దగ్గర వంగి "మెల్లగా మే, బయట మొగోళ్ళుండారు," అంది. గంగ ఆ కేకను అక్కడే మింగేసింది. లేబర్ రూములో నిలబడితే ఆమె గొంతు వేరు. డాక్టర్లు కూడా పక్కకు జరిగి వింటారు. ఆ గొంతు ఆసుపత్రి గేటు దాటాక ఎక్కడికి పోతుందో ఆమెకు తెలియదు. అది రేపు మీటింగు గది దాకా వస్తుందన్న నమ్మకమూ లేదు.

మూర్తి ఆ మాట అనడానికి ముందు, ఆ రోజు మధ్యాహ్నం భోజనాల వేళకు ప్రిన్సీ స్టాఫ్ రూముకు వచ్చింది. ఆటో నడిపే ఆస్టిన్ కూతురు. అక్కయమ్మ సంగతి జరిగినప్పటి నుంచి ఆ పిల్ల తిండి కూడా సరిగ్గా తినడం లేదని హాస్టల్లో చెప్పుకుంటున్నారు. ఈ రోజు మాత్రం మొహం కాస్త తేటగా ఉంది.

"మేడం, కొత్త రూలు వస్తాందంట కదా. నిజమేనా?"

"ఎవరు చెప్పినారు?"

"అందరూ అనుకుంటా ఉండారు. మేలే కదా మేడం! ఇంగ ముట్టుకునే పనే లేదు. నేను కోర్సు ఇడిసిపెట్టి పోదామనుకున్న్యా. రూలు వస్తే ముట్టుకోకుండానే పాసైపోతాను."

ఆ పిల్ల నవ్వింది. నెల రోజుల తర్వాత వచ్చిన నవ్వు. దాన్ని చూసి గంగ అన్నం డబ్బాలోంచి చెయ్యి తీసేసింది.

"పాసై?"

"యాడన్నా ఉద్యోగం చూసుకుంటాను మేడం."

"ఆడ లేబర్ రూములో వేస్తే?"

ప్రిన్సీ నవ్వు ఆగిపోయింది. దుపట్టా కొస వేలికి చుట్టుకుంటూ వెళ్ళిపోయింది. గంగ డబ్బా మూత పెట్టేసింది. తన దగ్గర చదివిన పిల్లలంతా ఏటేటా ఇలాగే బయటికి వెళ్తే, తెల్ల యూనిఫాం చూసి ధైర్యం తెచ్చుకునే ఆడవాళ్ళు ఎంతమంది ఆ కాన్పు బల్లల మీద పడుకుంటారో లెక్క వేసుకుంది. అలాగని కాదంటే? మూర్తి ఉద్యోగం. కూతురు బెంగుళూరు చదువు. ఇంట్లో ఆ మౌనం. ఏ వైపు చూసినా భయమే. ఒకటి తన ఇంటిదాకా వచ్చే భయం, ఇంకొకటి తను ఎన్నడూ చూడని ఇళ్ళకు పోయే భయం.

మరునాడు మీటింగుకు అందరూ కూర్చున్నాక ప్రిన్సిపాల్ నాన్సీ మేడం, రేపో మాపో రిటైరయ్యే మనిషి, అలవాటు కొద్దీ "గంగా, ఆ టీలు కాస్త చూడమ్మా," అంది. నిన్నగాక మొన్న చేరిన కుర్ర లెక్చరరు కాలు మీద కాలేసుకుని కప్పు అందుకున్నాడు. గంగ అందరికీ ఇచ్చి, తన కప్పు ముట్టుకోకుండా కూర్చుంది. చేతులు వణకడం ఎవరికైనా కనిపిస్తుందని బల్ల కింద పెట్టుకుంది.

ఈశ్వరప్ప మంచి హుషారుగా ఉన్నాడు. "పిల్లోళ్ళు ముట్టుకుంటే కదా గొడవ? ముట్టుకోకపోతే ఏ రగడా లేదు. బొమ్మ తెప్పించినాం కదా. బొమ్మ సావదు, కేసు వెయ్యదు." నవ్వాడు. ఆయన నవ్వితే అందరూ నవ్వారు. "చదవండమ్మా గంగమ్మా."

గంగ చదవడం మొదలుపెట్టింది. తన గొంతు తనకే దూరంగా వినిపిస్తోంది. 'కాన్పు చూస్తే చాలు' అన్న చోటికి వచ్చి ఆగిపోయింది.

"చదవండి."

"ఇది నేను రాయలేదు సార్."

"రాసినోళ్ళెవరైతే ఏం? సుమ్నే, ఊరికే చదివేయండి. మూర్తి చెప్పలేదా మీకు?"

తన నోరు మూయించే పనిని మొగుడి చేతిలో పెట్టి పంపారని, ఆ సంగతి ఇక్కడున్న వాళ్ళందరికీ ముందే తెలుసని గంగకు అప్పుడు అర్థమైంది. చెవులు కాలాయి.

"చెప్పినాడు సార్," అంది. "నోరు తెరవాకు అని చెప్పినాడు."

ఎవరో కిసుక్కుమని నవ్వి ఆపుకున్నారు. గంగ లేచి నిలబడింది. కూర్చుంటే మాట రాదేమోనని లేచింది.

"ఆ పొద్దు ప్రిన్సీ ముట్టుకున్నందుకు రక్తం పోలేదు సార్. ముట్టుకోనందుకు పోయింది. కాన్పులు తక్కువని, ఉన్నవాటిని సీనియర్ నర్సులే చేస్తా ఉంటే ఈ పిల్లోళ్ళు ఎనకాల నిలబడి చూస్తానే ఉండారు. చూసి చూసి, చెయ్యి పెట్టాల్సిన పొద్దు కూడా చూస్తా నిలబడింది. పక్కన స్టాఫ్ నర్సు లేదు, టీచరు లేదు. పిల్ల తన చేత్తో చెయ్యాల్సిందే. టీచరు పక్కన లేకుండా ఏ పిల్లనూ ఆ రూములో ఒంటిగా ఇడిసిపెట్టకూడదు. ఈ రెండూ రాస్తే నా పేరు పెట్టుకోండి. లేకుంటే తీసేయండి."

ఈశ్వరప్ప మొహంలో నవ్వు అలాగే ఉంది, కళ్ళు మాత్రం మారాయి. "మొగుడూ పెండ్లాం ఇద్దరూ నా దగ్గరే పని చేస్తాండారు. గుర్తుండాది కదా తల్లీ?"

"ఉండాది సార్. అందుకే కదా ఇంతసేపటి నుంచీ వణకతా ఉండేది."

అప్పుడు నాన్సీ మేడం బల్ల వైపే చూస్తూ, ఎవరికీ సరిగ్గా వినపడనంత మెల్లగా, "ప్రిన్సిపాల్‌గా నా అభిప్రాయం కూడా అదే," అంది. ఇంకోసారి చెప్పమన్నారు. రెండోసారి కాస్త గట్టిగానే చెప్పింది.

చివరికి యూనివర్సిటీకి రెండు సలహాలు వెళ్ళాయి. యాజమాన్యానిది ఒకటి, ఈ ఇద్దరాడవాళ్ళది ఒకటి. వాళ్ళు దేన్ని తీసుకుంటారో ఎవరికీ తెలియదు. తెలిసినవి మాత్రం వెంటనే జరిగాయి. గంగను హెడ్డు పని నుంచి తీసేశారు. మూర్తిని స్టోర్స్ నుంచి బేతమంగళలో ఉన్న ఈశ్వరప్ప మందుల షాపుకు మార్చారు. రోజూ బస్టాండు దాకా స్కూటరు, అక్కడి నుంచి బస్సు.

మూర్తి మాట్లాడటం మానేశాడు. గంగ ఈసారి ఏ కూరా ఆలోచించలేదు. భయం పోలేదు, స్కూటర్ చప్పుడుకు గుండె ఇప్పటికీ ఉలిక్కిపడుతూనే ఉంది. కానీ ఆ మౌనం తుడవాల్సింది తను కాదని అనిపించింది. వారం తర్వాత అతనే గుమ్మంలో నిలబడి అడిగాడు.

"ఇంట్లో నోట్లో నాలుక లేనట్ల ఉంటావు. ఆడ అంతమందిలో నీకు భయం కాలేదా?"

"అయింది," అంది గంగ. "ఇంట్లో అయినంతే అయింది."

అతను తెల్లబోయి చూశాడు. ఇంట్లో భయమేమిటి అని అడగబోయి, ఆగిపోయాడు. మంచం మీది నుంచి గురువమ్మ, "ఆ రాయల్పాడు మనిషి బతికిందా?" అని అడిగింది.

"బతికింది అత్తా."

"సరే. కూడు సల్లారిపోతాంది, తిను పో," అంది గురువమ్మ, గోడ వైపు తిరిగి పడుకుంటూ.

నాన్సీ మేడం రిటైరయ్యే ముందు చేసిన ఆఖరి పని, సర్కారీ తాలూకా ఆసుపత్రి వాళ్ళతో మాట్లాడి ప్రిన్సీ బ్యాచికి అక్కడ కాన్పులు చేసే అనుమతి తెచ్చిపెట్టడం. హెడ్డు పని లేకపోవడంతో గంగకు తీరిక దొరికింది. పిల్లల్ని ఆమే తీసుకెళ్ళింది.

ఆ పొద్దున బల్ల మీద తొలిచూలు పిల్ల కేకలు పెడుతోంది. "అరువమ్మా, ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా అరువు," అంది గంగ ఆ పిల్లతో. ప్రిన్సీ ఎదురుగా నిలబడింది. గ్లౌజులు వేళ్ళ దాకా లాగి సర్దుకుంటోంది. బిడ్డ తల నల్లగా, రూపాయి బిళ్ళంత కనపడి వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చింది.

"మేడం, మీరు పట్టండి. నాకు భయమవతా ఉండాది."

గంగ చేతులు వాటంతట అవే ముందుకు వెళ్ళబోయాయి. పట్టుకోవడం సులువు. ఇన్నేళ్ళుగా అన్నీ తనే పట్టుకుంది. ఈ పిల్ల తడబడితే ఏమవుతుంది? రెండు చేతులనూ ఛాతీ దగ్గరికి లాక్కుని, ప్రిన్సీ భుజానికి భుజం ఆనించి నిలబడింది.

"నాకూ భయంగానే ఉండాది," అంది. "పట్టుకో."