గంజిలో కాచిన కప్పు

అచ్చాయమ్మకు భయపడటానికి కారణం అక్కర్లేదు. గల్ఫ్‌లో కల్బా నుంచి ఫుజైరాకు పొద్దున్నే టాక్సీలో వెళ్తుంటే, పక్కన పోయే కంకర లారీ తమ మీదికే ఒరుగుతుందని కళ్ళు మూసుకునేది. లిఫ్టు ఎక్కితే తీగ తెగుతుందనుకునేది. ఫోను మోగితే ఊళ్ళో ఎవరో పోయారని, మోగకపోతే చెప్పడానికి కూడా ఎవరూ మిగల్లేదని గుండె పట్టుకునేది.

"మా అచ్చాయమ్మక్క దేవుడికి దణ్ణం పెట్టుకున్నా, ఆ దీపం అంటుకుని రూము కాలిపోద్దేమోనని ఓ కన్ను తెరిచే ఉంచుద్ది," అని నవ్వేది సుధారాణి. కల్బాలో లాండ్రీ షాపు మీద గదిలో ముగ్గురు ఉండేవాళ్ళు: అచ్చాయమ్మ, ఆమె కూతురు మంగ, రాజోలు నుంచి వచ్చిన ఈ సుధారాణి. అచ్చాయమ్మ ఫుజైరాలో సంజన అనే తెలుగావిడ ఇంట్లో వంట చేసేది. మంగ అక్కడికి రెండు వీధుల అవతల ఒక జపాన్ మేడం ఇంట్లో పని చేసేది.

ఆ కప్పు మంగ చేతిలో గదిలోకి వచ్చింది 2020లో, చలికాలం వెళ్ళేముందు.

బూడిద కలిసిన తెలుపు. చెవి లేదు. ఒక పక్క బొటనవేలు సరిపోయేంత సొట్ట ఉంది. పైన గాజులాంటి పూత, ఆ పూత నిండా వెంట్రుక కంటే సన్నని పగుళ్ళు.

"ఇదేం కప్పే? వంకరగా ఉంది. పగిలిపోయింది గూడాను," అంది అచ్చాయమ్మ.

"పగల్లేదమ్మా, అది అలాగే చేస్తారంట. చేత్తో చేసింది. మేడం వాళ్ళ ఊళ్ళో ముసలాయనెవరో చేశాడంట. నేను ఇస్టీలు గ్లాసులో టీ తాగుతుంటే మేడం సూసి, తన పక్కన కుర్చీ ఏసి కూర్చోబెట్టి ఇచ్చింది."

"కుర్చీలో కూర్చున్నావా?" అచ్చాయమ్మకు ముచ్చెమటలు పట్టాయి. "రేపు ఎత్తుకుపోయిందని పోలీసుల్ని పిలిస్తేనో? వీసా ఇచ్చిన కఫీల్‌కి చెప్తేనో? తిరిగిచ్చెయ్యవే నా తల్లే."

మంగ ఎంత నవ్వినా ఆమె వదల్లేదు. చివరికి మర్నాడు మంగ ఆ కప్పును మళ్ళీ తీసుకెళ్ళి, మేడం తన చేతికి దాన్ని అందిస్తున్నట్టు ఫోటో తీయించుకొచ్చింది. ఆ ఫోటోలో ఇద్దరూ పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నారు. "ఇదిగో సాక్ష్యం. ఖలాస్," అని తల్లి ఫోనులోకి పంపింది.

కొత్త కప్పును వాడేముందు గంజిలో కాచాలని మేడం చెప్పిందట. గంజి ఆ పగుళ్ళలోకి వెళ్ళి కూర్చుంటే కప్పు కారదట. మంగ అన్నం వార్చిన గంజిని గిన్నెలో పోసి, అందులో కప్పు ముంచి, సన్నని మంట మీద కాచి, చల్లారేదాకా అందులోనే ఉంచింది.

"మన గంజేనే!" అంది సుధారాణి. "మా అమ్మ చీరలకి పెట్టేది. వీళ్ళు కప్పులకి పెడతారా?"

అప్పటినుంచి మంగకు అదొక పద్ధతి అయిపోయింది. పొద్దున్న లేవగానే కప్పును నీళ్ళలో వేసేది. దానిలోంచి చిన్న చిన్న బుడగలు వచ్చేవి. అవి ఆగాక తీసి టీ పోసుకునేది. తాగాక కడిగి, కిటికీలో బోర్లించి ఆరబెట్టేది. తడిగా ఉన్నదాన్ని లోపల పెట్టకూడదనేది. "నీళ్ళు తాగింది, ఇప్పుడు టీ తాగదు. నాకు వదిలేస్తాది," అనేది, పసిపిల్ల గురించి చెప్పినట్టు.

అయినా అది టీ తాగుతూనే ఉంది. ఏడాది గడిచేసరికి లోపలి పగుళ్ళన్నీ లేత గోధుమరంగుకి తిరిగాయి. చిక్కటి వలలాగా తయారయ్యాయి. మంగ పెదవి ఆనే వైపు ఆ వల మరీ ముదురుగా ఉండేది.

అచ్చాయమ్మ ఆ గీతలు చూసినప్పుడల్లా వణికేది. కరోనా రోజులవి. గదిలో తలుపు గడియ దగ్గర్నించి చెప్పుల దాకా దేన్నీ వదలకుండా బ్లీచింగ్ నీళ్ళతో కడిగేది. పగుళ్ళలో ఏం దాక్కుందో ఎవరికి తెలుసు? 2021 జూన్‌లో కింది లాండ్రీలో ఒకతను దగ్గుతున్నాడని విన్నరోజు, మంగ పనికి వెళ్ళగానే, ఆ కప్పును బకెట్‌లో బ్లీచింగ్ నీళ్ళలో వేసింది. సంజనమ్మ సెలవిచ్చిందని ఆవేళ తను గదిలోనే ఉంది. మధ్యాహ్నం ఒకసారి నీళ్ళు మార్చి మళ్ళీ పోసింది. సాయంత్రానికి కప్పు పాలపళ్ళలా తెల్లగా వచ్చింది. ఎంత సంతోషపడిందో.

మంగ వచ్చి చూసింది. అరవలేదు. కప్పును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, మంచం మీద కూర్చుండిపోయింది.

"ఏడాదిన్నర టీ అమ్మా."

"మరకే గదే! పోతే మంచిదే గదా?"

"మరక కాదు. మేడం దగ్గర వాళ్ళమ్మ తాగిన కప్పుంది. ఆవిడ పోయి ఇరవయ్యేళ్ళయింది. లోపలంతా ఎర్రగా గీతలు. దాన్ని చూస్తే అమ్మ ఎదురుగా కూర్చున్నట్టుంటాదంట మేడానికి. రోజూ తాగినోళ్ళని అది గుర్తెట్టుకుంటాదంట."

"నీకేమన్నా అయిపోద్దని భయమేసిందే."

"నీకెప్పుడు భయమెయ్యలేదు గనక?" అన్న మంగ, ఇంతలోనే తల్లి మొహం చూసి తగ్గింది. "పోన్లే. మళ్ళీ మొదట్నించీ తాగుతాను. చచ్చేదాకా బోలెడు టీ ఉంది."

మళ్ళీ గంజి కాచింది. మళ్ళీ నానబెట్టింది. పదకొండో రోజు పొద్దున్న కప్పును కిటికీ వెలుతురుకు ఎత్తి, "ఇటు సూడమ్మా, ఒక గీత వచ్చేసింది," అంది. పెదవి ఆనే చోటి నుంచి లోపలికి, గోరు పొడవున, ఒక్క గీత. దారప్పోగులా ఉంది.

ఆ తర్వాత వారానికి, ఒక గురువారం, మంగ లేస్తూనే ఒళ్ళు నొప్పులంది. నుదురు కొంచెం వెచ్చగా ఉంది. ఆవేళ సంజన కొడుకు పుట్టినరోజు. పన్నెండు రకాల వంట. టాక్సీ కింద హారన్ కొడుతోంది. "ఏసీ గాలి పట్టిందిలే. అల్లం టీ పెట్టాను, తాగి పడుకో," అని అచ్చాయమ్మ దిగిపోయింది.

లారీలకీ, లిఫ్టులకీ, పగుళ్ళకీ భయపడిన మనిషి ఆ ఒక్కరోజు భయపడలేదు.

మూడోరోజు అంబులెన్సు వచ్చింది. అచ్చాయమ్మనీ సుధారాణినీ వేరేచోట గదిలో పెట్టారు. తొమ్మిదోరోజు ఫోను వచ్చింది. మనిషిని చూపించలేదు. అంతా అక్కడే కానిచ్చేశారు. నలుగురికే లోపలికి అనుమతి దొరికింది, ఆ నలుగురిలో తల్లి లేదు. ఆమెకింకా జ్వరం తగ్గలేదు.

గదికి తిరిగొచ్చేసరికి కిటికీలో కప్పు ఉంది. సగం తాగి వదిలేసిన అల్లం టీ ఎండిపోయి, అడుగున నల్లగా పట్టుకుని ఉంది. సుధారాణి కడగబోతే అచ్చాయమ్మ చెయ్యి పట్టుకుంది. కడగనివ్వలేదు. మంగ చున్నీలో చుట్టి, పాలపొడి డబ్బాలో పెట్టి, మూత బిగించి, దాని చుట్టూ టేపు వేసింది. గాలి తగిలితే ఆ గీత పోతుందేమోనని భయం. డబ్బాను మంచం కింద బట్టల సూట్‌కేసులో పెట్టింది.

రెండేళ్ళు దాన్ని తెరవలేదు.

"కప్పన్నాక తాగాలక్కా. అది మందులడబ్బా గాదు," అని సుధారాణి ఒకటి రెండుసార్లు అంది.

"తాగితే నా టీ అంటుకుంటాది. దానిది పోద్ది," అనేది అచ్చాయమ్మ.

2023 చలికాలంలో జపాన్ మేడం ఫోను చేసింది. భర్త ఉద్యోగం అయిపోయిందట, వచ్చేవారం వెళ్ళిపోతున్నారట. ఒక్కసారి ఇంటికి రమ్మంది. వచ్చేటప్పుడు మంగ కప్పు తెమ్మంది.

కప్పు వెనక్కి తీసుకుంటుందేమో! అచ్చాయమ్మ రెండురోజులు అన్నం తినలేదు. ఫోనులో ఆ ఫోటో ఉందో లేదో పదిసార్లు చూసుకుంది. చివరికి డబ్బాను ఒళ్ళో పెట్టుకుని టాక్సీ ఎక్కింది. కంకర లారీ పక్కనుంచి పోతుంటే కళ్ళకు బదులు డబ్బాను మూసుకుంది, రెండు చేతులతో.

మేడం ఇల్లంతా అట్టపెట్టెలు. వంటింట్లో బల్ల ఒక్కటే ఖాళీగా ఉంది. మేడం ఆమెను తన పక్కన కుర్చీలో కూర్చోబెట్టింది. అచ్చాయమ్మ అంచు మీద కూర్చుంది. ఇది ఆ కుర్చీయేనా అనుకుంది.

"కప్ యూజ్? రోజ్ చాయ్?" అని అడిగింది మేడం. ఆవిడకు వచ్చిన హిందీ అంతే.

అచ్చాయమ్మ తల అడ్డంగా ఊపి, టేపు విప్పి, మూత తీసింది.

ముందు వాసన వచ్చింది. వానాకాలంలో గోనెసంచి వాసన. చున్నీ అంచు పచ్చబడి ఉంది. విప్పితే కప్పు లోపలంతా బూడిదరంగు నూగు. అడుగునుంచి పైకి, పగుళ్ళ వెంట, నల్లటి చుక్కలు బారులు తీరి ఉన్నాయి. కల్బా తేమంతా, ఆ తాగని టీ అంతా లోపలే ఉండి బూజు పట్టింది. గీత ఏదో, బూజు ఏదో తెలియడం లేదు.

అచ్చాయమ్మ పోగొట్టుకోకూడదని దాచి దాచి, తన చేత్తోనే పాడుచేసింది. ఒకసారి బ్లీచింగ్ పోసి. ఒకసారి మూత బిగించి.

మేడం కోప్పడలేదు. లేచి, పొయ్యి మీద గిన్నె పెట్టి, బియ్యం కడిగిన నీళ్ళు పోసింది. కప్పు కోసం చెయ్యి చాపింది.

"నక్కో మేడం!" అచ్చాయమ్మ కప్పును గుండెకు పెట్టుకుంది. "లాస్ట్ చాయ్. మంగా చాయ్. ధోనా నక్కో."

మేడం చెయ్యి అలాగే ఉండిపోయింది. కడగొద్దన్న ఆ మూడు ముక్కలూ ఆవిడకు అర్థమయ్యాయి. పొయ్యి ఆర్పేసి, మళ్ళీ వచ్చి పక్కన కూర్చుంది. పెట్టెలోంచి కాగితాల పొట్లం ఒకటి తీసి విప్పింది. వాళ్ళమ్మ కప్పు. లోపలంతా ఎర్రటి వల. దాని అంచున ఒకచోట ఇంకా ముదురుగా, కొత్తగా పట్టిన మరక. మేడం ఆ చోట తన పెదవి ఆనించి చూపించింది. "మై. రోజ్," అంది. వాళ్ళమ్మ తాగినచోటే తనూ తాగుతోంది, రోజూ.

వంటింట్లో గడియారం కూడా అప్పటికే పెట్టెలో సర్దేశారు. ఇద్దరూ కూర్చున్నారు.

చాలాసేపటికి అచ్చాయమ్మ లేచింది. తనే పొయ్యి వెలిగించింది. కప్పును పంపు కింద పట్టుకుని, సబ్బు ముట్టకుండా, వేళ్ళతోనే రుద్దింది. అడుగున గట్టిపడ్డ టీ కొంచెం కొంచెంగా కరిగి, లేత గోధుమ రంగు నీళ్ళయి, తొట్టి కన్నం చుట్టూ ఒకసారి తిరిగి వెళ్ళిపోయింది. మంగ పోయినప్పుడు చూడనివ్వనిదేదో ఇప్పుడు చూపించినట్టయి, ఆమె పంపు కట్టకుండా అలాగే నిలబడి ఏడ్చింది. మేడం వెనక నుంచి ఆమె భుజం పట్టుకుంది.

ఆ బియ్యం నీళ్ళలో గంటసేపు కాచాక నల్లచుక్కలు చాలావరకు పోయాయి. కొన్ని పోలేదు. అంచు దగ్గర గోరు పొడవున ఒక గీత మిగిలింది. అది మంగదో, బూజుదో ఎవరు చెప్తారు? అచ్చాయమ్మ మంగదే అనుకుంది.

మేడం వెళ్ళిపోయింది. అచ్చాయమ్మ పొద్దున్నే కప్పును నీళ్ళలో వేయడం మొదలుపెట్టింది. బుడగలు ఆగేదాకా చూసేది. టీ పోసుకుని, గీత ఉన్న వైపు తనకు దూరంగా తిప్పుకుని, బొటనవేలు సొట్టలో ఆనించి, ఇవతలి అంచు నుంచి తాగేది. నెలలు గడిచేకొద్దీ ఇవతలి సగమంతా వల అల్లుకుంది. అవతలి సగం తెల్లగా, ఆ ఒక్క గీతతో ఉండిపోయింది.

"ఏంటక్కా, కప్పుకి సరిహద్దు గీసేవు?" అంది సుధారాణి.

"అటేపు దానిదే. నువ్వు కడిగినా ఇటేపు పట్టుకునే కడుగు."

మొన్న ఒక పొద్దున్న, కింద టాక్సీ హారన్ కొడుతోంది. సంజన ఇంట్లో ఎవరో చుట్టాలు దిగారు, పెందరాళే రమ్మంది. అచ్చాయమ్మ ఒక చేత్తో చీరకు పిన్ను పెట్టుకుంటూ, ఇంకో చేత్తో కప్పు అందుకుని, నిలబడే రెండు గుక్కలు తాగింది. మూడో గుక్కకు బొటనవేలికి సొట్ట తగల్లేదు. చూస్తే గీత తన పెదవి కిందే ఉంది. దాని పక్కన తడిగా, తన పెదవి ముద్ర.

హారన్ మళ్ళీ మోగింది.

"అక్కా, యల్లా! ఎల్లిపోతాడు!" అని సుధారాణి మెట్ల మీది నుంచి అరిచింది.

అచ్చాయమ్మ కప్పును తిప్పలేదు. మిగిలిన టీ కూడా అటువైపు నుంచే, నెమ్మదిగా, అడుగు కనపడేదాకా తాగింది. కడిగింది. కిటికీలో వెలుతురు పడేచోట బోర్లించింది. మెట్లు దిగుతూ, ఆ కిటికీ రెక్క గాలికి కొట్టుకుని కప్పు పడిపోతుందేమోనని భయమేసి, మళ్ళీ పైకెక్కి గడియ వేసి వచ్చింది.